పాత కారు – కొత్త ప్రకటన

'అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి' అన్నారు మన పెద్దలు. పశువును సంతకు తోలుకుపోయిన రైతు అనుభవంలో నుండి పుట్టిన ఈ సామెత, పాత కారును అమ్మజూపిన ఉద్యోగి విషయంలో అక్షరాలా వర్తిస్తుందని నాకు 2024 వేసవిలో తెలిసివచ్చింది.

బదిలీలు మన ఉద్యోగజీవితంలో విడదీయరాని భాగం. బదిలీ ఉత్తర్వు చేతికి అందిన మరునాటి నుండి ప్రతి ఇంటిలోనూ రెండు ప్రశ్నలు ఉదయిస్తాయి. పిల్లల చదువు ఎట్లా? బండి సంగతి ఏమిటి? మొదటిదానికి సమాధానం వెదకటంలో తలమునకలై, రెండవదానిని చివరి వారానికి వదిలివేస్తాము. అప్పుడు తొందరలో నాలుగు మాటలు రాసి, రెండు ఛాయాచిత్రాలు జతచేసి, అంతర్జాలంలో ఒక ప్రకటన పడవేస్తాము. ఫలితం, లక్ష రూపాయల విషయంలో పదివేల నష్టమో, అంతకు మించిన తలనొప్పో.

ఒకప్పుడు క్యాంటీన్ దగ్గరి నోటీసు బోర్డు మీద 'అమ్మకమునకు' అని చేతివ్రాతతో ఒక కాగితం అంటిస్తే సరిపోయేది. అమ్మేవాడు ఏ విభాగంలో పనిచేస్తాడో, బండిని ఎంత భద్రంగా చూసుకుంటాడో కొనేవాడికి ముందే తెలుసు. దినపత్రికలో ప్రకటన వేయాలంటే మాటకు ఇంత, పంక్తికి ఇంత అని రుసుము ఉండేది. కావున 'మారుతి, 95 మోడల్, మంచి కండిషన్, సంప్రదించండి' అని పొదుపుగా రాసేవారు. నేడు అంతర్జాలంలో మాటకు రుసుము లేదు, చోటుకు కొరత లేదు. అయినప్పటికీ మనం నాటి పొదుపు భాషనే రాస్తున్నాము. ఎదుటివాడు మాత్రం మనల్ని ఎరిగిన తోటి ఉద్యోగి కాదు, ఎక్కడో కూర్చుని ఫోను తెర మీద వందల కార్లను వేలితో జరుపుకుంటూ పోయే అపరిచితుడు.

నా మొదటి ప్రకటన

విశాఖపట్నం నుండి వడోదరకు బదిలీ అయినప్పుడు నేను రాసిన ప్రకటన ఇది: 'స్విఫ్ట్ అమ్మబడును. అద్భుతమైన కండిషన్. డాక్టరు వాడినట్లు వాడిన బండి. చూస్తే వదలరు. ధర మాట్లాడుకోవచ్చు.'

పది రోజులలో పదిహేడు ఫోన్లు వచ్చాయి. వాటిలో పదిమంది దళారులు. బండిని చూడకుండానే 'చివరి మాట ఎంత?' అన్నవారు కొందరు. మిగిలినవారు ఏ సంవత్సరపు బండి, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎందరి చేతులు మారింది అని అడిగి, మళ్ళీ ఫోను చేయలేదు. బండిని చూడటానికి ఇంటికి వచ్చినవారు ఒక్కరూ లేరు.

ఆ సాయంత్రం మా శ్రీమతి ఆ ప్రకటన చదివి, 'ఏమండీ, ఇందులో పొగడ్తే తప్ప కారు ఎక్కడ ఉంది?' అన్నది. అంతటితో ఊరుకోలేదు. 'ఎడమ ప్రక్క తలుపుల సంగతి రాయలేదేం?' అని కూడా అడిగింది.

2021లో ఒక మలుపు దగ్గర వ్యాను ఒకటి మా కారును ఎడమ ప్రక్కన రాసుకుపోయింది. రెండు తలుపులకు టింకరింగ్, పెయింటింగ్ చేయించి, ముందు చక్రం దగ్గరి లోయర్ ఆర్మ్‌ను మార్పించాము. పని బాగానే కుదిరింది. చూపుకు ఏమీ తెలియదు. 'తెలియనిదాన్ని మనం చెప్పి ధర తగ్గించుకోవటం దేనికి?' అన్నాను. 'రేపు ఆ బండిలో వాళ్ళ పిల్లలు కూర్చుంటారు. మనం కొనేటప్పుడు ఎవరైనా ఇట్లా దాస్తే మీరు ఊరుకుంటారా?' అన్నది ఆమె. నా దగ్గర జవాబు లేకపోయింది.

అపనమ్మకం ఖరీదు

అర్థశాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని ఎన్నడో గుర్తించారు. అమెరికాకు చెందిన జార్జ్ ఎకర్లాఫ్ 1970లో పాత కార్ల విపణిని ఉదాహరణగా తీసుకుని ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. లోపభూయిష్టమైన కారును అక్కడివారు వాడుకలో 'నిమ్మకాయ' అంటారు. ఆ మాటనే ఆయన వ్యాసానికి శీర్షికలో వాడుకున్నారు. ఆయన వాదం సరళమైనది. బండి గుణదోషాలు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియవు. మంచి బండిని, చెడ్డ బండిని వేరు చేసి చూడలేని కొనుగోలుదారు దేనికైనా సగటు ధర మాత్రమే ఇస్తానంటాడు. ఆ ధర గిట్టక మంచి బండి యజమాని విపణి నుండి తప్పుకుంటాడు. మిగిలేవి నాసిరకపు బండ్లు. దానితో ధర ఇంకా పడిపోతుంది. సమాచారంలోని ఈ అసమానతపై చేసిన కృషికి ఎకర్లాఫ్, మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లకు కలిపి 2001లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

దీని నుండి మనం గ్రహించవలసినది ఒక్కటే. 'అద్భుతం', 'చూస్తే వదలరు' వంటి మాటలు మంచి బండి యజమానీ రాయగలడు, చెడ్డ బండి యజమానీ రాయగలడు. కావున వాటికి విలువ లేదు. సరిచూసుకొనటానికి వీలైన వివరం రాసేవాడే నమ్మకాన్ని పొందుతాడు. మంచి ప్రకటనకు విశేషణాలు అక్కరలేదు, వివరాలు కావాలి.

ఏయే వివరాలు రాయాలి?

శీర్షికలో కంపెనీ, నమూనా, అందులోని రకం, ఇంధనం, తయారీ సంవత్సరం తప్పక ఉండాలి. వెదికేవారు ఆ మాటలతోనే వెదుకుతారు. 'అర్జంటు' అన్న మాట మాత్రం శీర్షికలో పెట్టకండి. అది బేరగాళ్ళకు ఆహ్వానం వంటిది.

తయారీ నెల వేరు, రిజిస్ట్రేషన్ నెల వేరు. డిసెంబరులో తయారైన బండి మరుసటి మార్చిలో రిజిస్టరై ఉండవచ్చు. ఆర్.సి.లో రెండూ ఉంటాయి. ప్రకటనలోనూ రెండూ రాయండి. తరువాత బయటపడితే చిన్న తేడా కూడా పెద్ద అనుమానమై కూర్చుంటుంది. మీరు ఎన్నవ యజమాని అన్నది కూడా ఆర్.సి. ప్రకారమే రాయాలి. 'రెండవ యజమాని, కాని మొదటివారు మా మామగారే' అనటంలో తప్పు లేదు. 'ఒకే చేతి బండి' అనటం తప్పు.

తిరిగిన కిలోమీటర్లను గుండుగుత్తగా కాక మీటరులో ఉన్నట్లే ఇవ్వండి. మీటరు వెనుకకు తిప్పే మోసాలు ఉన్నాయని అందరికీ తెలుసు గనుక ఆ అంకె ఒక్కటే ఎవరినీ నమ్మించదు. ప్రతి సర్వీసు బిల్లు మీద ఆనాటి తేదీ, కిలోమీటర్లు రాసి ఉంటాయి. ఆ బిల్లులన్నీ వరుసగా ఉన్నాయని ఒక వాక్యం రాస్తే అంకెకు సాక్ష్యం చేకూరుతుంది.

టైర్ల విషయంలో 'కొత్త టైర్లు' అని రాయటం పరిపాటి. టైరు ప్రక్కభాగాన నాలుగు అంకెల సంఖ్య ముద్రించి ఉంటుంది. మొదటి రెండు అంకెలు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2322 అని ఉంటే 2022వ సంవత్సరపు 23వ వారంలో తయారైనదని అర్థం. కొనేవాడు వంగి చూస్తే తెలిసిపోయే విషయమే గనుక మనమే రాయటం మర్యాద. స్టెప్నీ సంగతి మరువకండి.

బీమా ఏ రకం, ఎంతవరకు చెల్లుతుంది, కాలుష్య ధ్రువపత్రం ఉన్నదా, అప్పు తీరినదా, ఆర్.సి.లో హైపోథికేషన్ తొలగించబడినదా అన్నవి తరువాతి వివరాలు. మనలో పలువురు సంస్థ నుండి వాహనపు అడ్వాన్సు తీసుకుని కొన్నవారమే. అప్పు తీరినా ఆర్.సి.లో ఆ నమోదు అట్లాగే మిగిలిపోవటం కద్దు. ప్రకటన వేయకముందే ఆర్థిక విభాగం నుండి నిరభ్యంతర పత్రం, ఫారం 35 తీసుకుని ఆ పని పూర్తిచేయించుకోవాలి. అదేవిధంగా నిర్ణీత పరిమితిని మించిన చరాస్తి లావాదేవీని ప్రవర్తనా నియమావళి ప్రకారం సంస్థకు తెలియజేయవలసి ఉంటుందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది, లోపాల జాబితా. ప్రమాదం జరిగితే ఏ సంవత్సరంలో, ఏ ప్రక్క, ఏయే భాగాలు మార్చారు అన్నది రాయండి. విశాఖ వంటి సముద్రతీర పట్టణాలలో ఉప్పుగాలికి బండి అడుగుభాగం తుప్పు పట్టే అవకాశం ఎక్కువ. ఉంటే ఎంత ఉన్నదో చెప్పండి. ఏ.సి. చల్లదనం తగ్గినా, పవర్ విండో ఒకటి మొరాయిస్తున్నా దాచవద్దు. ఎట్లాగూ మెకానిక్ కనిపెడతాడు. అతడు కనిపెట్టిన లోపానికి ధర రెండింతలు తెగుతుంది; మీరే చెప్పిన లోపానికి న్యాయంగా తెగుతుంది.

ఛాయాచిత్రాలు

ఉదయం ఎనిమిది గంటల లోపుగాని, సాయంత్రం ఎండ తగ్గిన తరువాతగాని ఫోటోలు తీయాలి. కారును కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే తీయండి. తడి మీద గీతలు కనిపించవు గనుక తడి బండి ఫోటో చూసి అనుభవజ్ఞులు అనుమానిస్తారు. నాలుగు మూలల నుండి నాలుగు, లోపల ముందు వెనుక సీట్లు, డిక్కీ, ఇంజను, టైర్లు, ఇంజను ఆడుతుండగా మీటరు – ఇవి తప్పనిసరి. సొట్ట ఉన్నచోట దగ్గరగా ఇంకొకటి. సీటు మీది పిల్లల పుస్తకాలు, అద్దానికి వేలాడే దండలు తీసివేయండి. తరువాతి యజమాని ఆ కారులో తనను తాను చూసుకోగలగాలి.

ఆర్.సి., ఆధార్ వంటి పత్రాల ఫోటోలను మాత్రం ప్రకటనలో ఎన్నడూ పెట్టరాదు. నిజమైన ఆసక్తి గలవారు ఫోను చేసినప్పుడు బండి నంబరు చెబితే చాలు. ప్రభుత్వపు పరివాహన్ సేవలో వారే రిజిస్ట్రేషన్, బీమా గడువుల వంటి వివరాలు సరిచూసుకుంటారు.

ధర

ధర రాయకపోవటం పెద్ద పొరపాటు. 'మాట్లాడుకోవచ్చు' అంటే కొనేవాడు తనకు తోచినంత తక్కువ నుండి మొదలుపెడతాడు. అదే నమూనా, అదే సంవత్సరం, దాదాపు అన్నే కిలోమీటర్లు తిరిగిన పది బండ్ల ధరలను మీ ఊరిలోనే చూడండి. అవి అడిగే ధరలే గాని అమ్ముడుపోయిన ధరలు కావు. కనుక మధ్యస్థంగా ఒక అంకె నిర్ణయించుకుని, బేరానికి కొద్దిపాటి చోటు ఉంచి రాయండి. నిరుడు వేయించిన సీటు కవర్ల ఖరీదును, మనకు బండి మీద గల మమకారాన్ని ధరలో కలపరాదు. మమకారానికి విపణిలో వెల లేదు.

నా రెండవ ప్రకటన

పైన చెప్పిన సూత్రాల ప్రకారం, మా శ్రీమతి ప్రక్కన కూర్చుని చెబుతుండగా, నేను తిరిగి రాసిన ప్రకటన ఇట్లా తయారైనది:

'మారుతి స్విఫ్ట్ వి.ఎక్స్.ఐ., పెట్రోల్, 2016. తయారీ ఫిబ్రవరి, రిజిస్ట్రేషన్ మార్చి, విశాఖపట్నం. మొదటి యజమానిని. 61,400 కి.మీ. తిరిగినది, మొదటి నుండి సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయి. అప్పు లేదు, హైపోథికేషన్ తొలగించబడినది. సమగ్ర బీమా 2025 మార్చి వరకు. నాలుగు టైర్లు 2022లో తయారైనవి, స్టెప్నీ పాతది. 2021లో ఎడమ ప్రక్క దెబ్బ తగిలి రెండు తలుపులకు టింకరింగ్, పెయింటింగ్ చేయించి, ముందు లోయర్ ఆర్మ్ మార్చాము, బిల్లు చూపగలము. వెనుక బంపరు మీద గీతలు ఉన్నాయి (ఫోటో చూడండి). సైలెన్సరు దగ్గర పైపైన తుప్పు ఉన్నది. ఏ.సి., బ్రేకులు బాగున్నాయి. బదిలీ కారణంగా అమ్ముతున్నాము. ధర రూ. 3,95,000, బండి చూసిన తరువాత కొద్దిగా తగ్గించగలము. మీ మెకానిక్‌ను తెచ్చుకోవచ్చు. సాయంత్రం ఆరు తరువాత ఫోను చేయండి. దళారులు వద్దు.'

ఈసారి ఫోన్లు తగ్గాయి. నాలుగు రోజులలో ఆరు మాత్రమే. కాని ఆ ఆరుగురిలో ముగ్గురు ఇంటికి వచ్చారు.

మోసగాళ్ళ విషయంలో

అమ్మేవారిని మోసగించేవారు కూడా తక్కువేమీ కాదు. బండిని చూడకుండానే అడిగిన ధరకు ఒప్పుకునేవారిని, తాము సైన్యంలో ఉన్నామని చెప్పి గుర్తింపు కార్డు ఫోటో పంపి, 'అడ్వాన్సు పంపుతాను, ఈ క్యూ.ఆర్. కోడ్ స్కాన్ చేయండి' అనేవారిని నమ్మకండి. డబ్బు పుచ్చుకోవటానికి యు.పి.ఐ. పిన్ నొక్కవలసిన అవసరం ఎన్నడూ లేదు. పిన్ నొక్కామంటే మన ఖాతా నుండి డబ్బు పోతున్నదని అర్థం. ఈ ఒక్క మాట ఇంటిల్లిపాదికీ తెలియాలి, ఎందుకంటే మనం డ్యూటీలో ఉన్నప్పుడు ఫోను ఎత్తేది వారే. పొరపాటున మోసపోతే జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి వెంటనే ఫోను చేయాలి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము తిరిగి చిక్కే ఆశ సన్నగిల్లుతుంది.

బండిని చూపేది పగటిపూట, నలుగురు తిరిగేచోట. నడిపి చూస్తానంటే వారి డ్రైవింగ్ లైసెన్సు చూసి, మనం ప్రక్కన కూర్చున్న తరువాతనే తాళం ఇవ్వాలి. ఇక సొమ్ము విషయం. 2017 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం ఒక లావాదేవీలో రెండు లక్షలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా పుచ్చుకొనరాదు. బ్యాంకు ద్వారానే తీసుకోండి. సందేశం చూసి కాదు, ఖాతాలో జమ చూసుకుని తాళాలు ఇవ్వండి.

అమ్మకం ఎప్పుడు పూర్తి అయినట్లు?

తాళాలు ఇచ్చిన రోజున కాదు, ఆర్.సి.లో పేరు మారిన రోజున. ఈ పాఠాన్ని నేను చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను.

2009లో మరొక బదిలీ సందర్భంలో నా స్కూటరును ఇరుగుపొరుగువారి పరిచయస్థునికి అమ్మాను. తేదీ వేయకుండా ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చి, డబ్బు పుచ్చుకుని రైలెక్కాను. 2012లో ఒకనాడు ప్రమాద పరిహారపు కేసులో నన్ను ప్రతివాదిగా పేర్కొంటూ నోటీసు వచ్చింది. స్కూటరు ఆ సరికి మూడు చేతులు మారింది, బీమా లేదు, ఒక వృద్ధుడి కాలు విరిగింది. రికార్డులో యజమానిని మాత్రం నేనే. రెండు సంవత్సరాల పాటు సెలవులు పెట్టి వాయిదాలకు తిరిగాను. నన్ను అన్నిటికంటె బాధించినది డబ్బు కాదు, వాయిదాకు కర్ర ఊతంతో వచ్చిన ఆ పెద్దాయన నావంక చూసిన చూపు.

ఇటువంటి వివాదాలలో సర్వోన్నత న్యాయస్థానం 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో స్పష్టంగా తీర్పు చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్ రికార్డులో ఎవరి పేరు ఉంటే వారే చట్టం దృష్టిలో యజమాని.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినప్పుడు అమ్మినవారు 14 రోజులలోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. కొన్నవారు 30 రోజులలోగా తెలియజేయాలి. ఇందుకు ఫారం 29, ఫారం 30 కావాలి. బండి వేరొక రాష్ట్రానికి వెళ్ళేటట్లయితే ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. ఖాళీ ఫారాల మీద సంతకం చేయకండి. తేదీ, సమయం వేసిన అప్పగింత రసీదును ఇద్దరూ రాసుకోండి. వీలైతే పేరు మార్పు దరఖాస్తు పని దగ్గరుండి చూసుకోండి.

అధీకృత డీలరుకు అమ్మేవారికి 2023 ఏప్రిల్ 1 నుండి కొంత వెసులుబాటు కలిగింది. డీలరుకు బండిని అప్పగించినట్లు ఫారం 29సి ద్వారా తెలియజేస్తే, ఆ తరువాత జరిగే వాటికి డీలరునే యజమానిగా భావిస్తారు. అయితే అతడు నిజంగా అధీకృత డీలరేనా అన్నది ముందుగా చూసుకోవాలి.

బీమాలో మూడవ పక్షపు రక్షణ బండితో పాటు కొత్త యజమానికి సంక్రమిస్తుంది. ఆయన 14 రోజులలోగా బీమా సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి. సొంత నష్టపు రక్షణ దానంతటదే మారదు. నో క్లెయిమ్ బోనస్ మాత్రం బండిది కాదు, మనది. బీమా సంస్థ నుండి పత్రం తీసుకుంటే మన తరువాతి కారుకు వాడుకొనవచ్చు. ఫాస్టాగ్‌ను కూడా మూసివేయించాలి. లేకుంటే వేరొకరి ప్రయాణానికి మన ఖాతా టోలు కడుతుంది. పాత చలానాలు ఉంటే అమ్మకముందే చెల్లించటం మర్యాద.

ముగింపు

మా కారును కొన్నది అనకాపల్లి ప్రాంతపు ఉపాధ్యాయుడు ఒకరు. భార్యతో, కూతురుతో, వెంట ఒక కుర్ర మెకానిక్‌తో వచ్చారు. మెకానిక్ బండి కిందికి దూరి పావుగంట చూసి లేచి, 'సార్, ఇందులో రాసినవి తప్ప ఇంకేం కనబడలేదు' అన్నాడు. బేరం ఐదు నిమిషాలలో తెగింది, రూ. 3,85,000కు ఒప్పుకున్నాము.

డబ్బు జమ అయిన తరువాత కాఫీ తాగుతూ అడిగాను. 'మాస్టారూ, ఇన్ని బండ్లు ఉండగా దెబ్బ తగిలిన బండికి ఎందుకు వచ్చారు?' ఆయన నవ్వి, 'ఆ దెబ్బ సంగతి మీరే రాశారు కదండీ. అది రాసిన మనిషి మిగతాది అబద్ధం రాయడనిపించింది. అంతకుముందు చూసిన తొమ్మిది బండ్లలో దేనికీ ఏ లోపమూ లేదట!' అన్నారు.

మూడు వారాలలో ఆర్.సి. ఆయన పేరిట మారింది. ఆ కాగితం ఫోటోను ఆయనే నాకు పంపారు. వడోదరలో ఆ సందేశం అందిన రాత్రి, 2009 నాటి స్కూటరు తరువాత మొదటిసారిగా, ఒక బండిని అమ్మి నిశ్చింతగా నిద్రపోయాను.